కొత్త కాలు ముందు చిన్నదిగానే వస్తుంది

2018లో వచ్చిన డెడ్‌పూల్ రెండో సినిమాలో జగర్‌నాట్ అనే కొండంత మనిషి హీరోను పట్టుకుని నడుము దగ్గర రెండు ముక్కలు చేసేస్తాడు. హీరో చావడు. ఎంత పెద్ద గాయమైనా దానంతటదే మానిపోయే ఒళ్లు అతనిది. తర్వాతి సీన్లలో సోఫాలో కూర్చుని కనిపిస్తాడు. నడుము కింద కొత్త కాళ్లు వచ్చేశాయి, కానీ పసిపిల్లాడి కాళ్లంతే ఉన్నాయి. పైన ఎదిగిన మగాడి ఒళ్లు, కింద బుల్లి కాళ్లు. జనం పడీపడీ నవ్వింది అక్కడే.

పచ్చి మాటలు, నెత్తురు నిండిన ఆ సినిమా పిల్లలకు చూపించేది కాదు. అయినా జీవశాస్త్రం మీద ఇష్టం ఉన్నవాళ్లు ఆ సీన్ దగ్గర తప్పకుండా ఆగాలి. నవ్వించడానికి రాసుకున్న ఆ బుల్లి కాళ్లే సినిమా మొత్తంలో ప్రకృతికి బాగా దగ్గరగా ఉన్నాయి. కాలు పోతే కాలు మొలిపించుకోగల జంతువులు నిజంగానే ఉన్నాయి. వాటిలో కూడా కొత్త కాలు ముందు చిన్నదిగానే వస్తుంది, తర్వాత పెరుగుతుంది.

దీనికి సాక్ష్యం నెల్లూరులోనో ఒంగోలులోనో చేపల మార్కెట్‌లోనే దొరుకుతుంది. బురద ఎండ్రకాయలు కొనేవాళ్లు ముందు చూసేది గిల్లే కాళ్లు రెండూ ఉన్నాయా అని. మాంసం ఎక్కువగా ఉండేది వాటిలోనే కాబట్టి ఒకటి లేకపోతే రేటు తగ్గుతుంది. ఒక్కోసారి ఒక కాలు లావుగా, రెండోది మరీ చిన్నగా, లేతగా కనిపిస్తుంది. కొన్ని ఎండ్రకాయల్లో పుట్టుకతోనే కొంచెం తేడా ఉండే మాట నిజమే. కానీ తేడా అంత ఎక్కువగా ఉందంటే ఆ చిన్న కాలు చాలావరకు కొత్తగా మొలిచిందే.

ఎండ్రకాయ కాలు శత్రువు నోట్లో చిక్కితే దాన్ని అదే వదిలేసుకుంటుంది. కాలు మొదట్లో, ఒంటికి దగ్గరగా, తెగడానికే ఏర్పడిన ఒక గీత ఉంటుంది. అక్కడి కండరం ఒక్కసారి బిగుసుకోగానే కాలు ఊడిపోతుంది. లోపలున్న పల్చటి పొర వెంటనే రంధ్రాన్ని మూసేస్తుంది, అందుకే ఎక్కువ రక్తం పోదు. కొన్ని రోజులకు ఆ మొండి మీద చిన్న మొగ్గ లేస్తుంది. దానిలో కొత్త కాలు కీళ్లతో సహా, మడతపెట్టినట్టుగా తయారవుతూ ఉంటుంది. కానీ పైనున్న డొల్ల గట్టిది, సాగదు. కాబట్టి కొత్త కాలు బయటికి రావాలంటే ఎండ్రకాయ డొల్ల వదిలే రోజు రావాలి. ఆ రోజు పాత డొల్లలోంచి ఒళ్లంతా బయటపడేటప్పుడు మడతలో ఉన్న కాలు కూడా విచ్చుకుంటుంది. చూడటానికి అచ్చం కాలే, కానీ చిన్నది. పక్క కాలికి సమానం కావడానికి మరికొన్నిసార్లు డొల్ల మార్చాల్సి వస్తుంది.

ఇంకో విశేషం ఉంది. ఒకేసారి చాలా కాళ్లు పోతే కొన్ని జాతుల ఎండ్రకాయలు మామూలుకంటే ముందే డొల్ల వదులుతాయి. అంటే పోయిన కాళ్ల లెక్క ఒంటికి తెలుస్తుంది, ఆ కబురు హార్మోన్ల దాకా చేరుతుంది. ఆ విడతలో ఒళ్లు మాత్రం పెరగాల్సినంత పెరగదు. ఉన్న సరుకంతా కాళ్ల కిందే ఖర్చయిపోతుంది.

ఈ సంగతిని శాస్త్రంలో మొదట నమోదు చేసినవాడు ఫ్రాన్స్‌కు చెందిన శాస్త్రవేత్త రెయోమూర్, 1712లో. తీరప్రాంతాల వాళ్లకు ఇది ఎప్పటినుంచో తెలుసు. వాళ్లు చెబితే పండితులు కట్టుకథ అని కొట్టిపారేసేవారు. రెయోమూర్ రొయ్యల చుట్టాలైన మంచినీటి క్రేఫిష్‌లను తెచ్చి, కాళ్లు తుంచి, నెలల తరబడి కాచుకుని చూశాడు. తీరంలోని వాళ్లు చెప్పిందే నిజమైంది. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చింది ఇదే. రోజూ నీళ్లలో చేతులు పెట్టేవాళ్ల మాటను ఒక శాస్త్రవేత్త పరీక్షించదగ్గ మాటగా తీసుకున్నాడు.

మన తీరంలో ఆ చేతులు రొయ్యల రైతులవి. అల్లూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు మొదలుకుని పైన సింగరాయకొండ, కొత్తపట్నం దాకా రొయ్యల గుంటలే. 2009లో వనామి రొయ్య సాగుకు అనుమతి వచ్చాక ఈ రైతుల నోట ఎక్కువగా వినిపించే మాటల్లో మౌల్టింగ్, అంటే డొల్ల వదలడం, ఒకటి. రొయ్య కూడా ఎండ్రకాయలాగే డొల్ల వదిలితేనే పెరుగుతుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో మౌల్టింగ్ ఎక్కువని రైతులు మేత తగ్గిస్తారు, మినరల్స్ చల్లుతారు. కొత్త డొల్ల గట్టిపడటానికి కాల్షియం, మెగ్నీషియం లాంటివి నీళ్లలోంచి అందాలి. అందకపోతే డొల్ల లూజుగా ఉండిపోతుంది, ఆ మెత్తటి రొయ్యను తోటి రొయ్యలే తినేస్తాయి. తెగిన మీసాలు, విరిగిన కాళ్లు తిరిగి సమకూరేది కూడా ఈ మౌల్టింగ్‌లోనే. సినిమా హీరోకు గాయం మానడం ఒక వరం. రొయ్యకు అది ప్రాణం మీదికి తెచ్చే పని. కొత్త ఒళ్లు కావాలంటే కొన్ని గంటలు కవచం లేకుండా బతకాలి.

వెన్నెముక ఉన్న జంతువుల్లో ఈ విషయంలో గొప్పది ఆక్సలాటిల్ అనే సాలమాండర్, అంటే బల్లి ఆకారంలో ఉండే కప్పల చుట్టం. దాని సొంత ఊరు మెక్సికో నగరం దక్షిణాన ఉన్న షోచిమిల్కో సరస్సు. దాని జన్యు పటం మొత్తం బయటికి వచ్చింది కూడా 2018లోనే. అందులో 3,200 కోట్ల అక్షరాలున్నాయి, మనిషి జన్యు పటానికి పది రెట్లు. దాని చెయ్యి తెగితే ఒక రోజు తిరక్కుండానే గాయాన్ని చర్మం కప్పేస్తుంది. ఆ చర్మం కింద, కండరం దగ్గర, ఎముక దగ్గర, చర్మం లోపొరలో ఉన్న కణాలు తమ పాత పని వదిలి లేతగా మారి ఒక చోట గుమికూడతాయి. ఆ ముద్ద పేరు బ్లాస్టెమా. దానిలోంచే ఎముక, కండరం, వేళ్లు అన్నీ వస్తాయి, మచ్చ కూడా మిగలదు. మొదట ఏర్పడే చెయ్యి అన్ని వేళ్లతో పూర్తిగా ఉంటుంది, కానీ సైజు చిన్నది. పరిశోధకులు ఆ దశను బుల్లి అవయవ దశ అనే పిలుస్తారు. ఆ తర్వాత అది మిగతా ఒంటికంటే వేగంగా పెరిగి సరైన సైజుకు చేరుకుంటుంది. ఎంతవరకు పెరగాలో చెప్పడంలో నరాలకు ముఖ్యమైన పాత్ర ఉంది. ఆ చేతికి వెళ్లే నరాలను ముందే తెంచేస్తే అసలు మొలకే రాదని 1823లోనే ట్వీడీ టాడ్ అనే వైద్యుడు గమనించాడు.

చిన్నదిగా ఎందుకు మొదలవుతుంది? మనం కూడా అలాగే తయారయ్యాం. తల్లి కడుపులో నాలుగో వారంలో చేతులు, కాళ్లు చిన్న మొగ్గల్లా కనిపిస్తాయి. ఎనిమిదో వారానికి వేళ్లు విడివడతాయి. అప్పటికి బిడ్డ పొడవు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ఆకారం అంతా ఆ నాలుగైదు వారాల్లో అయిపోతుంది, తర్వాత పద్దెనిమిదేళ్లూ జరిగేది పెరుగుదలే. కణాలు ఒకదానికొకటి రసాయన కబుర్లు పంపుకుని నువ్వు వేలు, నువ్వు మడమ అని తేల్చుకోవాలి. ఆ కబుర్లు వెళ్లగలిగే దూరం చాలా తక్కువ. అందుకే ఆకారం గీసుకోవడం చిన్న స్థలంలోనే కుదురుతుంది. సినిమా రాసినవాళ్లు ఇది తెలిసి రాశారో లేదో గానీ, వరుస మాత్రం సరిగ్గా పడింది.

ఆక్సలాటిల్ చెయ్యి మణికట్టు దగ్గర తెగితే అరచెయ్యే వస్తుంది, భుజం దగ్గర తెగితే చెయ్యంతా వస్తుంది. అంటే మొండి దగ్గరున్న కణాలకు తాము ఎక్కడున్నామో తెలుసు. ఆ జ్ఞాపకాన్ని చెరిపేసే పదార్థాల్లో ఒకటి విటమిన్ ఎ. ఈ దారిలో మొదటి అడుగులు మన దేశంలో పడ్డాయి. జైపూర్‌లో నియాజీ, సక్సేనా అనే పరిశోధకులు కాళ్లు తెగిన కప్ప పిల్లలకు విటమిన్ ఎ ఎక్కువగా ఇస్తే కాళ్లు వింతగా మొలుస్తున్నాయని 1978లో రాశారు. 1992లో భువనేశ్వర్‌లోని ఉత్కళ విశ్వవిద్యాలయంలో ప్రియంబదా మహంతి హెజ్మాడీ, ఆమె సహచరులు ఇంకా పెద్ద వింత చూపించారు. తోక ఇంకా పోని కప్ప పిల్లల తోక కత్తిరించి విటమిన్ ఎ కలిపిన నీళ్లలో ఉంచితే, తోక ఉండాల్సిన చోట కాళ్లు మొలిచాయి. ఒంటి వెనక చివర, మామూలుగా కాళ్లు ఎప్పటికీ రాని చోట, వేళ్లతో సహా కాళ్లు. నేచర్ పత్రికలో అచ్చయిన ఆ పని గురించి మన పాఠ్యపుస్తకాల్లో పెద్దగా కనిపించదు, కనిపించాలి.

ఇలాంటి పొరపాటు రొయ్యల్లో అంతకు దాదాపు వందేళ్ల ముందే బయటపడింది. రొయ్య కన్ను ఒక కాడ మీద ఉంటుంది. ఆ కాడను లోపలి నరాల ముడితో సహా తీసేస్తే ఆ చోట కొన్నిసార్లు కన్ను బదులు మీసం మొలుస్తుందని జర్మనీకి చెందిన కర్ట్ హెర్బ్‌స్ట్ 1896 ప్రాంతంలో చూపించాడు. కంటి కాడ సంగతి రొయ్య పిల్లలను పుట్టించే మన హేచరీల వాళ్లకు బాగా తెలుసు. గుడ్లు త్వరగా ఎదగకుండా, డొల్ల త్వరగా వదలకుండా ఆపే హార్మోన్లు వచ్చేది అక్కడినుంచే. తల్లి రొయ్య త్వరగా గుడ్లు పెట్టాలని ఒక వైపు కాడను తీసేసే పద్ధతి అందుకే వచ్చింది. కణానికి చిరునామా అందకపోతే అది పని మానేయదు, వేరే అవయవాన్ని కట్టేస్తుంది. కాలు మొలిపించడమంటే కణాలను పెంచడం కంటే వాటికి సరైన చోటు చెప్పడమే కష్టమని ఈ రెండు ప్రయోగాలు గట్టిగా చెబుతున్నాయి.

సినిమా దాటేసిన విషయం సరుకు, అంటే కొత్త కాళ్లు కట్టడానికి కావాల్సిన పదార్థం. ఎదిగిన మనిషి బరువులో మూడో వంతు దాకా కాళ్లదే. 70 కిలోల మనిషికి రెండు కాళ్లూ కలిపి 22 కిలోల పైమాటే. అందులో ఎక్కువ భాగం నీళ్లే అయినా, మాంసకృత్తులు సుమారు 4 కిలోలు ఉంటాయి. కోడిగుడ్డుకు 6 గ్రాముల చొప్పున లెక్కేస్తే 650కి పైగా గుడ్లు కావాలి, అదీ తిన్నదంతా కాళ్లకే పోతే. బుల్లి కాళ్లకు ఇందులో కొంతే చాలు. ఆ రకంగా కూడా చిన్నదిగా మొదలుపెట్టడమే లాభం. కాలు పనిచేయడం ముందు మొదలవుతుంది, మిగతాది తింటూ పెంచుకోవచ్చు.

అయితే మనకు ఈ శక్తి ఎందుకు లేదు? బొత్తిగా లేకపోలేదు. కాలేయంలో మూడింట రెండొంతులు తీసేసినా మిగిలింది కొన్ని వారాల్లో, నెలల్లో దాదాపు పాత బరువుకు పెరుగుతుంది. పోయిన ముక్క మళ్లీ రాదు, ఉన్న ముక్క పెద్దదవుతుంది. చిన్నపిల్లల వేలి కొస తెగితే, గోరు మొదలు మిగిలి ఉంటే, కొస తిరిగి రావచ్చని 1970లలో ఇంగ్లండ్ వైద్యులు రాశారు. అంతకు మించి మన ఒళ్లు వేరే దారి ఎంచుకుంది. గాయం కాగానే గట్టి పీచు లాంటి కొల్లాజెన్‌తో త్వరగా మూసేస్తుంది. రక్తం పోకుండా, చీము పట్టకుండా ప్రాణం నిలబడుతుంది, మచ్చ మిగులుతుంది.

ఇంకో కారణం క్యాన్సర్ అయి ఉండొచ్చు, ఇక్కడ ఆ హీరో కథ మళ్లీ అవసరమవుతుంది. అతనికి క్యాన్సర్ ఉంది, ఆ శక్తి వచ్చింది కూడా క్యాన్సర్ చికిత్స పేరుతో చేసిన ప్రయోగంలోంచే. ఎదిగిన కణం పాత పని వదిలి లేతగా మారి వేగంగా విభజన చెందడం బ్లాస్టెమాలో జరుగుతుంది, కణితిలోనూ దాదాపు అదే జరుగుతుంది. మన కణాల్లో ఆ పోకడను అడ్డుకునే కాపలా ప్రొటీన్లున్నాయి, పి-53 వాటిలో పేరున్నది. సాలమాండర్ కాలు మొలిచేటప్పుడు మొదట పి-53 జోరు తగ్గుతుంది, కణాలు మళ్లీ కండరంగా, ఎముకగా మారే వేళకు పెరుగుతుంది. అంటే ఆ జంతువు కాపలాను కాసేపు సడలించి, సమయానికి మళ్లీ బిగించగలదు. అన్నేళ్లు బతికే మన ఒంటికి అలా సడలించడం ప్రమాదమయ్యే అవకాశముంది. అందుకే కాళ్లు మొలిపించే మందు గురించి ఎవరైనా గొప్పగా చెబితే, ఆపడం ఎలా అని కూడా అడగాలి.

ఆశ పెట్టుకోదగ్గ పని మాత్రం జరుగుతోంది. షుగర్ వల్ల వేళ్లు, పాదాలు పోగొట్టుకున్నవాళ్లు మన ఊళ్లలో ఎంతమంది ఉన్నారో తెలిసిందే, వాళ్ల కోసమైనా ఇది జరగాలి. ఆఫ్రికా గోళ్ల కప్ప పిల్లగా ఉన్నప్పుడు కాలు మొలిపించుకుంటుంది, ఎదిగాక ఆ శక్తి పోతుంది. అమెరికాలోని టఫ్ట్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఎదిగిన కప్పల కాలి మొండికి అయిదు మందులు నింపిన చిన్న తొడుగును కేవలం 24 గంటలు తొడిగి తీసేశారు. ఆ ఒక్క రోజుతో మొదలైన పెరుగుదల 18 నెలలు సాగింది. ఎముక పొడుగైంది, నరాలు వచ్చాయి, చివర వేళ్ల లాంటివి కనిపించాయి. ఆ వేళ్లలో ఎముక మాత్రం రాలేదు. ముట్టుకుంటే కప్పలు స్పందించాయి, ఆ కాలితో ఈదాయి కూడా. 2022లో ఈ ఫలితాలు వచ్చినప్పుడే, తర్వాత పాలిచ్చే జంతువుల్లో ప్రయత్నిస్తామని వాళ్లు చెప్పారు.