తేనె తినేదాని దాచిన పేరు

టెన్నిస్ చూసేవాళ్లకు 2021లో యూఎస్ ఓపెన్ గెలిచిన మెద్వెదెవ్ తెలిసే ఉంటాడు. రష్యా మాజీ అధ్యక్షుడి ఇంటిపేరూ అదే. ఆ ఇంటిపేరుకు మూలమైన ‘మెద్వెద్’ అంటే రష్యన్‌లో ఎలుగుబంటి. స్లోవేనియన్లకూ అది మెద్వెదే. ఉక్రేనియన్ల నోట అక్షరాలు తారుమారై ‘వెద్మిద్’ అయింది. పోలిష్‌లో మొదటి ‘మ’ కాస్తా ‘న’గా మారిపోయింది.

‘మెద్’ అంటే తేనె, ‘వెద్’ అంటే తెలియడం, కాబట్టి ఇది తేనె జాడ తెలిసిన జంతువు అని విడదీసేవాళ్లు ఉన్నారు. వినడానికి బాగుంటుంది కానీ నిజం కాదు. ఈ భాషలన్నిటికీ మూలమైన పాత స్లావిక్‌లో తేనె ‘మెదు’, తినడానికి ధాతువు ‘ఏద్’. రెండూ కలిస్తే మెద్వేద్, అంటే తేనె తినేది. ఉకారం పక్కన అచ్చు వస్తే వకారం కావడం మనం బడిలో చదివిన యణాదేశ సంధే! అణు + అస్త్రం అణ్వస్త్రం అయినట్టు. ఋగ్వేదం మొదటి మండలం 164వ సూక్తంలో చెట్టు మీది పక్షులను ‘మధ్వదః’ అన్నారు. మధు, మెదు ఒకే మూలం నుంచి వచ్చినవి. అద్, ఏద్ కూడా అంతే. ఇన్ని వేల మైళ్ల దూరంలో అదే మాటకు అదే సంధి జరగడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

మరి ఎలుగుబంటి అసలు పేరేమైంది? సంస్కృతంలో అది ‘ఋక్ష’. మనం జాంబవంతుణ్ణి ఋక్షరాజు అంటాం. గ్రీకులో ‘ఆర్క్‌టోస్’, ఆర్కిటిక్ అన్న పేరు పుట్టింది అక్కడే. స్లావిక్ భాషల్లో మాత్రం ఆ మాట మాయమైంది. పేరెత్తితే ఎక్కడ ఎదురొస్తుందోనన్న భయంతో అడవిలో తిరిగే వేటగాళ్లు దాన్ని మారుపేరుతో పిలిచారన్నది భాషావేత్తలు ఎక్కువమంది ఒప్పుకునే వివరణ. ఫ్రెంచ్ పండితుడు ఆంట్వాన్ మేయే ఇలాంటి నిషిద్ధ పదాల మీద 1906లోనే రాశాడు. మనకిది కొత్తేం కాదు. మశూచి అనకుండా ‘అమ్మవారు పోసింది’ అన్నాం. పాము కరిచినా ‘పురుగు ముట్టింది’ అనే పెద్దవాళ్లున్నారు.

వాడగా వాడగా మారుపేరే అసలు పేరైపోయింది. దాంతో రష్యన్లు దానికి మళ్లీ ముద్దుపేర్లు పెట్టుకున్నారు. వాటిలో ‘మిషా’ 1980 మాస్కో ఒలింపిక్స్ బొమ్మగా లోకమంతా తిరిగింది.