దాహం వేసేదాకా ఆగొద్దు

షుగర్ వచ్చిందని ఎలా తెలుస్తుందని ఎవరినడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది. విపరీతమైన దాహం, మాటిమాటికీ మూత్రం, ఎంత తిన్నా తీరని ఆకలి. అందులో తప్పేమీ లేదు. కానీ పీసీఓఎస్ (పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్, అంటే స్త్రీలలో పురుష హార్మోన్లు పెరిగి పీరియడ్స్ క్రమం తప్పే సమస్య) ఉన్నవాళ్లు అదే నమ్ముకుని, ‘నాకవేవీ లేవు కదా’ అని నిశ్చింతగా ఉండిపోతే విలువైన ఏళ్లు చేజారిపోతాయి. ఎందుకో తెలియాలంటే ముందు కిడ్నీల సంగతి చూడాలి.

రక్తాన్ని వడగట్టేటప్పుడు కిడ్నీలు అందులోని గ్లూకోజ్‌ను వృథాగా పోనివ్వవు. దాదాపు మొత్తం తిరిగి రక్తంలోకే చేరుస్తాయి. అయితే దానికో హద్దుంది. రక్తంలో గ్లూకోజ్ డెసీలీటరుకు సుమారు 180 మిల్లీగ్రాములు దాటాక ఇక వాటి వల్ల కాదు. మిగిలింది మూత్రంలోకి పొంగుతుంది, పోతూ పోతూ నీటినీ వెంట తీసుకుపోతుంది. మాటిమాటికీ మూత్రం రావడం, దాని వెనకే దాహం వేయడం అందుకే. షుగర్ వ్యాధి అనడానికి మాత్రం పరగడుపున 126 ఉంటే చాలు. పరగడుపున 130 ఉన్నవారికి వ్యాధి వచ్చేసినట్టే, కానీ గొంతు ఎండిపోవాలనేమీ లేదు. ప్రీడయాబెటిస్, అంటే పరగడుపున 100 నుంచి 125 మధ్య ఉండే దశలో, చాలామందికి ఏమీ తెలియదు.

మరి పీసీఓఎస్‌కీ షుగర్‌కీ ఏమిటి సంబంధం? ఈ రెండింటి మధ్య ఏదో ఉందని వైద్యులు గమనించి వందేళ్లు దాటింది. గడ్డం పెరిగిన స్త్రీలలో మధుమేహం గురించి అషార్, తియెర్ అనే ఫ్రెంచి వైద్యులు 1921లోనే రాశారు. 1935లో స్టైన్, లెవెంథాల్ అనే అమెరికన్ వైద్యులు ఏడుగురు స్త్రీలను పరిశీలించి, ఇప్పుడు మనం పీసీఓఎస్ అంటున్న సమస్యను వర్ణించారు. వాళ్ల చూపంతా అండాశయాల మీదే ఉండిపోయింది. ఈ స్త్రీల రక్తంలో పురుష హార్మోన్లు పెరగడానికీ, గ్లూకోజ్‌ను కణాల్లోకి పంపే హార్మోను ఇన్సులిన్ ఎక్కువగా ఉండడానికీ పొత్తు ఉందని 1980లో బర్గెన్, ఆయన సహచరులు చూపించాక గానీ అసలు కథ బయటపడలేదు.

ఇన్సులిన్ రెసిస్టెన్స్ అని డాక్టరు చెప్పగానే ఒంట్లో ఇన్సులిన్ తక్కువైందని అనుకునేవాళ్లున్నారు. జరిగేది దానికి పూర్తిగా తలకిందులు. కండరాలు, కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినవు. దాంతో క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి పంపుతుంది. అలా పంపినన్నాళ్లూ రక్తంలో షుగర్ అదుపులోనే ఉంటుంది, రిపోర్టులో నార్మల్ అనే వస్తుంది. ఆ నార్మల్ కోసం క్లోమం ఎంత చాకిరీ చేస్తోందో రిపోర్టు చెప్పదు. కొందరిలో ఏళ్ల తరబడి ఇలా నడిచాక క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాలు అలసిపోతాయి. షుగర్ పైకి లేచేది అప్పుడే.

ఇక్కడే పీసీఓఎస్‌లో ఒక విచిత్రం ఉంది. కండరాలు ఇన్సులిన్ మాట వినకపోయినా అండాశయాలు మాత్రం వింటూనే ఉంటాయి. ఇన్సులిన్ ఎక్కువైన కొద్దీ అవి పురుష హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. ఆ హార్మోన్లను పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను కాలేయం తయారుచేస్తుంది. ఇన్సులిన్ పెరిగితే అదీ తగ్గిపోతుంది. గడ్డం కింద మొలిచే వెంట్రుకలు, తగ్గని మొటిమలు, నెలలు దాటినా రాని పీరియడ్స్ చాలామందిలో ఈ ఎక్కువైన ఇన్సులిన్ ప్రభావమే. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది ఉండొచ్చు, కాబట్టి బరువు ఒక్కటే చూసి మాకేం భయం లేదనుకోకూడదు.

కాబట్టి హెచ్చరికల కోసం మొదట చర్మం చూడాలి. మెడ వెనక, చంకల్లో, గజ్జల్లో చర్మం నల్లబడి, మందంగా, తాకితే ముఖమల్ గుడ్డలా ఉంటుంది. దీన్ని అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. రక్తంలో ఇన్సులిన్ మరీ ఎక్కువైనప్పుడు అది చర్మ కణాలను కూడా ప్రేరేపిస్తుంది, అవి అవసరానికి మించి పెరుగుతాయి. అక్కడే చిన్న చిన్న పులిపిర్లు కూడా రావచ్చు. ఈ నలుపును మురికి అనుకుని గరుకు పీచుతో చర్మం మండేలా రుద్దుకునే అమ్మాయిలను తలచుకుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అది రుద్దితే పోయేది కాదు, వాళ్ల తప్పు అంతకన్నా కాదు. ఇంట్లో ఎవరి మెడైనా అలా కనిపిస్తే సబ్బు మార్చమని కాదు, రక్తపరీక్ష చేయించుకోమని చెప్పండి.

పీరియడ్స్ విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. గర్భనిరోధక మాత్రలు మొదలుపెట్టాక నెలనెలా రక్తస్రావం క్రమంగా వస్తుంది. పీసీఓఎస్ తగ్గిపోయిందన్న నమ్మకంతో పరీక్షలు మానేస్తారు. ఆ క్రమం మాత్ర ఇచ్చింది. లోపల ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎక్కడిదక్కడే ఉండొచ్చు.

తిన్న రెండు మూడు గంటలకే వణుకు, చెమట, పట్టరాని ఆకలి వస్తుందని కొందరు చెబుతారు. అవసరానికి మించి విడుదలైన ఇన్సులిన్ షుగర్‌ను ఒక్కసారిగా కిందికి లాగడం దీనికి ఒక కారణం కావచ్చు. అలసట, మగత మాత్రం థైరాయిడ్ వల్లా రక్తహీనత వల్లా నిద్రలేమి వల్లా వస్తాయి. టెన్షన్ వల్ల కూడా. వాటిని పట్టుకుని షుగరేనని తేల్చుకోలేం, కాదని కొట్టిపారేయనూ లేం.

వ్యాధి ముదురుతున్నప్పుడు వచ్చే గుర్తులు వేరు. చూపు ఒకరోజు మసకగా, మరోరోజు బాగానే ఉంటుంది. షుగర్ హెచ్చుతగ్గుల వల్ల కంటి లెన్స్‌లోకి నీరు చేరి అది ఉబ్బడమే దీనికి కారణం. జననాంగాల దగ్గర దురద, తెల్లబట్ట తగ్గినట్టే తగ్గి మళ్లీ మళ్లీ వస్తాయి. గాయాలు మానవు, పాదాల్లో తిమ్మిర్లు మొదలవుతాయి. వీటన్నిటిలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది బరువు తగ్గడం. పీసీఓఎస్‌తో ఏళ్ల తరబడి బరువు తగ్గాలని పోరాడిన మనిషి, ఏ ప్రయత్నమూ లేకుండానే తగ్గిపోతుంటే ఎంత సంతోషపడుతుందో ఊహించండి. చుట్టూ ఉన్నవాళ్లూ మెచ్చుకుంటారు. కానీ ఇన్సులిన్ చాలక, గ్లూకోజ్‌ను వాడుకోలేక శరీరం తన కొవ్వునూ కండనూ కరిగించుకుంటోందేమో! కారణం తెలియకుండా బరువు తగ్గితే, దాంతో పాటు దాహం కూడా ఉంటే ఆ వారంలోనే పరీక్ష చేయించాలి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, మగత కూడా తోడైతే ఇక వారం కాదు, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఏ పరీక్ష అన్నది కూడా ముఖ్యమే. పీసీఓఎస్‌లో పరగడుపు షుగర్ బాగానే ఉండి, గ్లూకోజ్ తాగిన తర్వాతే తేడా బయటపడేవాళ్లు తక్కువేమీ కాదు. అందుకే 2023లో వెలువడిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టునే ముందు పెట్టాయి. రాత్రి భోజనం తర్వాత కనీసం 8 గంటలు ఏమీ తినకుండా వెళ్లి రక్తం ఇవ్వాలి. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు తాగి, 2 గంటలకు మళ్లీ రక్తం ఇవ్వాలి. రెండోసారి 140 లోపు ఉంటే మామూలే. 140 నుంచి 199 వరకు ప్రీడయాబెటిస్, 200 ఆపైన షుగర్. పీసీఓఎస్ అని తేలినప్పుడే, వయసూ బరువూ ఎంతైనా సరే, ఒకసారి చేయించాలని, తర్వాత ఒక్కొక్కరి ముప్పును బట్టి ఏడాది నుంచి మూడేళ్లకోసారి చేయించాలని వాటి సారాంశం.

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ సులువైన పరీక్షే. 5.7 నుంచి 6.4 శాతం వరకు ప్రీడయాబెటిస్, 6.5 ఆపైన షుగర్. కానీ పీసీఓఎస్‌లో కొందరికి నెలలు ఆగి ఆగి ఒక్కసారిగా అధిక రక్తస్రావమవుతుంది, దాంతో ఐరన్ తగ్గుతుంది. ఐరన్ లోపం ఉంటే ఈ అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపించవచ్చు. రక్తహీనత ఉంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క రిపోర్టుతో తేల్చరు, మరోసారి పరీక్షించి నిర్ధారిస్తారు. ఇంట్లో వేలు గుచ్చి చూసుకునే మీటరు నిర్ధారణకు పనికిరాదు.

ప్రీడయాబెటిస్ అని తేలిందంటే అంతా అయిపోయినట్టు కాదు. అమెరికాలో జరిగిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ ఫలితాలు 2002లో వచ్చాయి. బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం చేయాలని లక్ష్యంగా పెట్టుకున్న వాళ్లలో షుగర్ రావడం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మందు వాడినవాళ్లలో 31 శాతం తగ్గింది. అది పీసీఓఎస్ ఉన్నవాళ్ల మీదే చేసిన అధ్యయనం కాదు, కానీ సూత్రం ఇక్కడా పనిచేస్తుంది. పనిచేస్తున్న కండరం ఇన్సులిన్ పిలుపు కోసం ఆగకుండా గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోగలదు, ఆ మేరకు క్లోమానికి భారం తగ్గుతుంది.

గర్భం కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు ఇంకాస్త ముందుగా మేలుకోవాలి. పీసీఓఎస్ ఉంటే గర్భిణుల్లో వచ్చే షుగర్ ముప్పు ఎక్కువ. వీలైతే గర్భం రాకముందే గ్లూకోజ్ టాలరెన్స్ టెస్టు చేయించుకోవాలి, వచ్చాక 24 నుంచి 28 వారాల మధ్య మళ్లీ చేయించుకోవాలి. గర్భిణిగా ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పుతో తగ్గిపోయినా, కాన్పయిన 4 నుంచి 12 వారాల్లో ఇంకోసారి గ్లూకోజ్ టెస్ట్ ఉంటుంది. బిడ్డ టీకాల తేదీలు రాసుకునే చోటే ఈ తేదీ కూడా రాసి పెట్టుకోండి.