తోటకూర మడిలో పురుగు పడితే

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

బడి తోటలో తోటకూర చిల్లులు పడుతోందని, ఏం మందు కొట్టాలని అడిగారు. మందు సంగతి తర్వాత. ముందు ఆకు తిప్పి అడుగు వైపు చూడండి.

అక్కడ గోధుమ రంగు నూగు కప్పిన మచ్చ కనిపిస్తే అవి లద్దె పురుగు గుడ్లు. ఒక్క మచ్చలో వందల గుడ్లుంటాయి. పొదిగిన పిల్లలు కొన్నాళ్లు ఆ ఆకు మీదే గుంపుగా ఉండి పచ్చదనాన్ని గీకి తింటాయి. ఈనెలు, పల్చటి పొర మిగిలి ఆకు జల్లెడలా అవుతుంది. ఆ ఒక్క ఆకు తుంచి సబ్బు నీళ్లలో వేస్తే చాలు, గుంపంతా పోతుంది. ఆలస్యమైతే మడంతా చెదిరిపోతాయి. పెద్దవైనవి పగలు మొక్కల మొదట్లో, మట్టిపెళ్లల కింద దాక్కుని రాత్రిపూట మేస్తాయి. అందుకే చీకటి పడ్డాక టార్చిలైటుతో వెతికి ఏరాలి.

ఆకులు సన్నటి దారాలతో అతుక్కుని, లోపల నల్లటి రెట్ట ఉంటే అది ఆకుగూడు పురుగు. గూట్లోకి మందు సరిగ్గా చేరదు. విప్పితే పురుగు మెలికలు తిరిగి జారిపోతుంది. గూడు గూడుగానే తుంచేయండి.

ఏరినా ఇంకా మిగిలితే వేపగింజల కషాయం కొట్టండి. బూజు పట్టని 50 గ్రాముల వేప పప్పును దంచి లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టి, రెండు మడతల గుడ్డలో వడకట్టి, 1 గ్రాము సబ్బు పొడి కలపాలి. సబ్బు లేకపోతే ఆకు మీద నిలవదు. మరిగించకండి, దాని గుణం పోతుంది. ఎండకూ అంతే, కాబట్టి సాయంత్రమే, ఆకు అడుగు తడిసేలా కొట్టాలి. నిల్వ ఉంచకుండా ఆ రోజే వాడేయండి.

అదీ చాలకపోతే బీటీ పొడి, అంటే పురుగులకు జబ్బు చేసే ఒక బాక్టీరియాతో చేసిన మందు, లీటరు నీళ్లకు 1 గ్రాము. ముక్కుకు గుడ్డ కట్టుకుని మాస్టారే కలపాలి. ఇది పురుగు తింటేనే పనిచేస్తుంది. తిన్న పురుగు మేత మానేస్తుంది గానీ చావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. కదులుతోందని కంగారుపడి ఇంకో మందు కొట్టేస్తుంటారు, అది తప్పు. ముదిరిన పురుగుల మీద రెండు మందులూ అంతంతమాత్రమే. వాటిని చేత్తో ఏరాల్సిందే.

ఘాటైన రసాయన మందుల జోలికి మాత్రం వెళ్లకండి నాయనా. తోటకూర ఆకే మనం తినేది, పైగా నెల తిరక్కుండానే కోతకొస్తుంది. మందు ప్రభావం తగ్గేందుకు వ్యవధే ఉండదు.

కోత అయ్యాక మడిని జానెడు లోతు తవ్వి ఎండనివ్వండి. పురుగులు రెక్కల పురుగులుగా మారే ముందు మట్టిలో ఉండే ఎర్రటి కోశాలు బయటపడితే కాకులు, మైనాలు ఏరుకు తింటాయి. కషాయం కొట్టిన ఆకును కనీసం నాలుగు రోజులు ఆగి కోయండి, రెండు మూడు నీళ్లలో జాడించాకే వంటకు ఇవ్వండి.

మీ తాతయ్య