ఆరంగుళాల ఎత్తంటే హడలిపోయే లోకం

పాత సైన్స్ ఫిక్షన్ గురించి మాట్లాడుకునేటప్పుడు మనకో అలవాటుంది. రచయిత ఏమేం ముందే ఊహించాడో వెతుకుతాం. జలాంతర్గామి, చంద్రయానం, వీడియో కాల్... నిజమైనవాటికి మార్కులు వేస్తాం, కానివాటిని చూసి పాపం అనుకుంటాం. ఇలా చదివితే ఆ సాహిత్యం అసలు రుచి అందదని నా నమ్మకం. అందులోని మంచి రచయితలెవరూ జోస్యం చెప్పడానికి కూర్చోలేదు. లోకంలో ఒక్క సంగతి మార్చి, 'అలాగైతే ఏమవుతుంది?' అన్న ప్రశ్నను చివరిదాకా వదలకుండా వెంబడించారు. ఈ కొలతతో చూస్తే, సైన్సు తప్పని తేలిన కథలు కూడా బతికే ఉంటాయి. బాగా పేరున్నవాటి కన్నా, ఎవరూ తలచుకోనివి కొన్ని ఎక్కువ ఎత్తులో కనిపిస్తాయి.

జూల్ వెర్న్ 1865లో రాసిన చంద్రయాత్ర నవలనే తీసుకోండి. ఫ్లోరిడాలో భూమిలోకి దించిన 900 అడుగుల ఫిరంగితో, ముగ్గురు మనుషులున్న గుండును చంద్రుడి వైపు పేలుస్తారు. వెర్న్ ఆ గుండుకిచ్చిన వేగం సెకనుకు 12,000 గజాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. భూమి నుంచి బయటపడడానికి కావలసిన పలాయన వేగం సెకనుకు 11.2 కిలోమీటర్లు. కాబట్టి వేగం విషయంలో ఆయన లెక్క బాగానే ఉంది. చిక్కంతా ఫిరంగి పొడవుతోనే. 900 అడుగులు దాటేలోపే అంత వేగం అందుకోవాలంటే, లోపలివాళ్ల మీద పడే త్వరణం భూమి గురుత్వానికి 20 వేల రెట్లు దాటిపోతుంది. ప్రత్యేకమైన సూటు వేసుకున్న ఫైటర్ పైలట్ తట్టుకునేదే సుమారు తొమ్మిది రెట్లు. గుండు అడుగున నీళ్లు నింపి ఆ దెబ్బను తగ్గించాలని వెర్న్ చూశారు గానీ, అది ఏ మూలకూ చాలదు.

కథ తప్పే. కానీ వెర్న్ దూరాన్నీ వేగాన్నీ అంకెల్లో పెట్టారు కాబట్టే, చదివినవాళ్లు పెన్సిల్ పట్టుకుని ఆయనతో వాదించగలిగారు. రష్యాలో ఒక స్కూలు టీచర్, కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ, అంతరిక్షయానం మీద తన ఆలోచనలకు తొలి విత్తనం వేసింది వెర్న్ కథలేనని రాసుకున్నారు. ఆయన పట్టుకున్న దారి ఫిరంగి కాదు, రాకెట్. ఒక్క దెబ్బతో కాకుండా, ఇంధనం మండుతున్నంతసేపూ వేగం పెంచుకుంటూ పోయే వాహనం. ఈ రోజుకీ ప్రతి ప్రయోగానికీ ఆధారమైన రాకెట్ సమీకరణం ఆయన 1903లో అచ్చువేయించిన వ్యాసంలో ఉంది.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఉదాహరణ వెర్న్‌ది కాదు, హాల్ క్లెమెంట్‌ది. సైన్స్ ఫిక్షన్ అభిమానుల్లో ఆయన పేరు తెలుసు గానీ, బయట దాదాపు ఎవరికీ తెలియదు. హార్వర్డ్‌లో ఖగోళశాస్త్రం చదివి, రెండో ప్రపంచయుద్ధంలో బాంబర్ విమానం నడిపి, తర్వాత స్కూల్లో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ కథలు రాశారు. 1953లో 'అస్టౌండింగ్' పత్రికలో సీరియల్‌గా వచ్చిన 'మిషన్ ఆఫ్ గ్రావిటీ' నవలలో ఆయన మెస్క్లిన్ అనే గ్రహాన్ని కట్టారు. కట్టారు అనే అనాలి. గురుగ్రహానికి సుమారు 16 రెట్ల ద్రవ్యరాశి. తన చుట్టూ తాను తిరగడానికి పట్టేది దాదాపు 18 నిమిషాలు. ఇంత ఉరవడిగా తిరిగే గ్రహం మధ్యలో ఉబ్బి, పళ్లెంలా చదునుగా మారుతుంది. భూమధ్యరేఖ దగ్గర అపకేంద్ర బలం గురుత్వాన్ని చాలావరకు కొట్టేస్తుంది, మిగిలేది భూమి గురుత్వానికి మూడు రెట్లు. ధ్రువాల దగ్గర ఆ వెసులుబాటు లేదు. అక్కడ దాదాపు 700 రెట్లు.

ఇక్కడి నుంచే నవల అసలు అందం మొదలవుతుంది. అంత బరువు కింద బతికే జీవి ఎలా ఉంటుంది? పొట్టిగా, నేలకు అతుక్కుని, ఎన్నో కాళ్లతో జెర్రిలా ఉంటుంది. పొడవు అడుగున్నర కూడా ఉండదు. దాని మనసు ఎలా ఉంటుంది? లెక్క చేసి చూడండి. 700 రెట్ల గురుత్వంలో ఆరంగుళాల ఎత్తు నుంచి పడితే, నేలను తాకేసరికి వేగం గంటకు 160 కిలోమీటర్లు ఉంటుంది. మన భూమి మీద, గాలి అడ్డును పక్కనపెడితే, వంద మీటర్ల మేడ మీంచి పడ్డట్టే. అందుకే మెస్క్లిన్ వాసులకు ఎత్తంటే ప్రాణభయం. ఏదైనా తలమీదికి వస్తుందంటే హడలిపోతారు. వస్తువును విసరడమన్న ఆలోచనే వాళ్లకు రాదు, ఎందుకంటే విసిరినది కంటికి కనపడేలోపే నేల మీద ఉంటుంది. భయాలూ అలవాట్లూ అన్నీ ఒక్క అంకె నుంచి మొలుచుకొచ్చాయి.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. మెస్క్లిన్ నావికులు తమ లోకాన్ని ఒక గిన్నె లోపలి భాగంలా ఉంటుందనుకుంటారు. వాళ్ల పటాలు కూడా గిన్నె ఆకారంలోనే ఉంటాయి. అది వాళ్ల అజ్ఞానం అనుకుంటే పొరపాటు. అంత గురుత్వంలో వాతావరణం సాంద్రత పైకి వెళ్లేకొద్దీ చాలా త్వరగా తగ్గిపోతుంది. దాంతో కాంతి కిందికి ఎంతగా వంగుతుందంటే, చుట్టూ దిగంతం పైకి లేచినట్టు కనపడుతుంది. కళ్లకు కనిపించినదాన్నే వాళ్లు నమ్మారు. మనమూ ఒకప్పుడు చేసింది అదే. నవల చివర్లో, మనుషుల కోసం ధ్రువం దాకా ప్రాణాలకు తెగించి వెళ్లిన మెస్క్లిన్ నావికుల కెప్టెన్ బార్లెనన్ తన కూలి అడుగుతాడు. వజ్రాలో యంత్రాలో కాదు, సైన్సు నేర్పమంటాడు. నేర్పేదాకా మీకు కావలసింది ఇవ్వనని మొండికేస్తాడు. అంతరిక్ష కథల్లో ఇంత నచ్చిన బేరం నేనింకొకటి చదవలేదు.

క్లెమెంట్ లెక్కలోనూ తప్పు దొరికింది. తర్వాత మరింత కచ్చితంగా చూస్తే, ధ్రువాల దగ్గర 700 కాదు, 275 రెట్లకు దగ్గరగా ఉండాలని తేలింది. అసలు క్లెమెంట్ ఆధారం చేసుకున్న, 61 సిగ్ని నక్షత్రం దగ్గర ఉందన్న కనపడని తోడు గోళం కూడా నిలబడలేదు. అయినా ఆయనకు ఇందులో బాధేమీ లేదు. రచయితకూ పాఠకుడికీ మధ్య ఇదొక ఆట అని, తప్పు పట్టుకోవడం పాఠకుడి వంతు అని, గ్రహాన్ని ఎలా తయారుచేశారో వివరిస్తూ రాసిన వ్యాసంలో ఆయనే చెప్పారు.

నిజమైన శాస్త్రవేత్త ఈ ఆట ఆడితే ఎలా ఉంటుందో 1896లోనే జగదీశ్ చంద్ర బోస్ చూపించారు. మిల్లీమీటర్ రేడియో తరంగాల మీద ప్రయోగాలు చేస్తున్న రోజుల్లో ఆయన బెంగాలీలో ఒక కథ రాశారు, ఒక తలనూనె కంపెనీ పెట్టిన కథల పోటీ కోసం. ఓడలో వెళ్తున్న మనిషి సముద్రంలో తలనూనె సీసా పోసి తుఫానును శాంతింపజేస్తాడు. నవ్వొచ్చే కథే, కానీ నూనె వెనక భౌతికశాస్త్రం ఉంది. బెంజమిన్ ఫ్రాంక్లిన్ లండన్ దగ్గర ఒక చెరువులో చెంచాడు నూనె పోస్తే అర ఎకరం మేర అలలు అణిగిపోయాయని 1774లో రాశారు. నూనె సన్నని పొరగా పరుచుకుని నీటి తలతన్యతను మారుస్తుంది. గాలి పట్టు దొరికించుకునే చిన్న అలలు ముందే చచ్చిపోతాయి. తుఫాను మాత్రం ఆగదు. చెరువుకు వర్తించేదాన్ని సముద్రం దాకా లాగడమే బోస్ చేసిన చమత్కారం.

తెర మీద ఈ పని కష్టం. నవలలో ఒక్క వాక్యంతో గ్రహం తయారవుతుంది, సినిమాలో సెట్టు వేయాలి. అందుకే డబ్బు లేనప్పుడు ఆలోచన మీదే నిలబడిన టీవీ కథలంటే నాకు ప్రత్యేకమైన గౌరవం. 1961లో బీబీసీ ప్రసారం చేసిన 'ఎ ఫర్ ఆండ్రోమెడా' అలాంటిది. జాన్ ఎలియట్‌తో కలిసి దాన్ని రాసినవారు ఖగోళ శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయిల్. అంతకుముందు ఏడాదే ఫ్రాంక్ డ్రేక్ అనే ఖగోళ శాస్త్రవేత్త, వేరే లోకాల నుంచి సంకేతాలేమైనా వస్తాయేమోనని, రేడియో టెలిస్కోపుతో రెండు నక్షత్రాల వైపు చెవి పెట్టి విన్నారు. హోయిల్ ఆ ప్రశ్నను ఇంకాస్త ముందుకు తోశారు. సంకేతం నిజంగానే వచ్చి, అందులో ఒక కంప్యూటర్ కట్టే విధానం ఉంటే? నక్షత్రాల మధ్య ఓడను పంపడం దాదాపు అసాధ్యం, సమాచారం మాత్రం కాంతి వేగంతో వెళ్తుంది. దండెత్తేవాళ్లు రానక్కర్లేదు. మన చేతులతోనే మనం వాళ్ల యంత్రాన్ని కట్టుకుంటాం.

ఏడు భాగాల ఆ సీరియల్‌లో ఈ రోజు పూర్తిగా మిగిలింది ఒక్క భాగం, కొన్ని ముక్కలు. అప్పట్లో వీడియో టేపు ఖరీదైనది, చెరిపి మళ్లీ వాడుకునేవారు. ఇళ్లలో వీడియో చూసే కాలం రాలేదు, పునఃప్రసారాలకు నటీనటుల ఒప్పందాల్లో పరిమితులుండేవి. దాచి ఏం చేస్తామనుకున్నారు. 1953 నాటి బీబీసీ సీరియల్ 'క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్'లోనూ ఆరు భాగాల్లో రెండే ఉన్నాయి, నేరుగా ప్రసారమైన మిగతావాటిని రికార్డే చేయలేదు. ఈ నష్టం తలచుకుంటే నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పుస్తకాలకు వేరే రకం మరుపు ఉంది, అది భాష. స్టానిస్లావ్ లెమ్ 1961లో పోలిష్‌లో రాసిన 'సొలారిస్' ఇంగ్లిష్‌లోకి మొదట ఫ్రెంచి అనువాదం మీదుగా వచ్చింది. పోలిష్ నుంచి నేరుగా చేసిన అనువాదం కోసం 2011 దాకా ఆగాల్సొచ్చింది. చాలామందికి ఈ పేరు తెలిసింది 1972 నాటి తార్కోవ్‌స్కీ సినిమా వల్ల. అది గొప్ప సినిమా. కానీ లెమ్‌కు నచ్చలేదు, ఎందుకో నవల చదివితే అర్థమవుతుంది. సినిమా మనుషుల అపరాధభావం చుట్టూ తిరుగుతుంది. నవల నడిబొడ్డున ఒక గ్రహమంతా పరుచుకున్న, ఆలోచిస్తున్నట్టే ఉన్న సముద్రం ఉంది.

నవల చదివేవాళ్లను నేను కోరేది ఒక్కటే, కథానాయకుడు గ్రంథాలయంలో పాత పరిశోధనలు చదివే భాగాలను దాటేయకండి. రెండు సూర్యుల చుట్టూ తిరిగే ఆ గ్రహం కక్ష్య లెక్క ప్రకారం నిలకడగా ఉండకూడదు, అయినా ఉంది. కక్ష్యను సరిచేస్తున్నది సముద్రమేనని కనిపెడతారు. అక్కడి నుంచి వందేళ్ల పరిశోధన. భౌతికశాస్త్రవేత్తలది ఒక వాదం, జీవశాస్త్రవేత్తలది ఒకటి. సముద్రం పుట్టించే ఆకారాలకు పేర్లు పెడతారు, వర్గీకరిస్తారు, పాత సిద్ధాంతాలను కొత్తవాళ్లు కొట్టేస్తారు, కొట్టేసినవి మళ్లీ లేస్తాయి. చివరికి పుస్తకాలతో అరలు నిండుతాయి గానీ, ఆ సముద్రం ఎందుకలా చేస్తోందో ఒక్కరూ చెప్పలేరు. లేని శాస్త్రానికి ఇంత వివరంగా చరిత్ర రాసిన నవల నాకు ఇంకొకటి తెలియదు.