అటక దించితే తెలిసేవి: ఇల్లు సర్దుకోవడంపై అపోహలు - వాస్తవాలు

బెజవాడలో ఇళ్లు సర్దిపెట్టడం నా పని. గుమ్మంలోనే చాలామంది సంజాయిషీ మొదలుపెడతారు: "మా ఇల్లు చిన్నదండీ, అందుకే ఇలా ఉంది."

అపోహ: ఇల్లు చిన్నది కాబట్టి ఇరుకు.
వాస్తవం: పటమటలో మూడు బెడ్‌రూముల ఫ్లాట్లలోనూ ఒక గది సామాన్లకే పోతోంది. మనం కొనేదాంతోనే ఇల్లు నిండదు. పేరంటానికెళ్తే జాకెట్ ముక్క, గృహప్రవేశానికెళ్తే స్టీలు డబ్బా, శ్రావణ శుక్రవారానికి ఇంకో ముక్క. ఏ బీరువా అడుగు అరలో చూసినా ఆ ముక్కల మూట ఒకటి ఉంటుంది. విప్పితే మడతల దగ్గర రంగు వెలిసి, కొన్ని చేతులకి కూడా చాలని కొలతలో ఉంటాయి. కుట్టించుకోలేరు. పసుపు కుంకుమతో వచ్చింది కదా, పారేయలేరు. తర్వాతి పేరంటంలో ఇంకొకరి ఒళ్లోకి తోసేస్తారు! నేను చెప్పేదొకటే: కుట్టుకు పనికొచ్చేవి ఈ వారమే టైలరు దగ్గరికి పంపండి, మిగతావి దిండు గలీబులకో దుమ్ము గుడ్డలకో వాడేయండి. మీ ఇంట్లో పేరంటానికి తాంబూలంతో పండు చాలు.

అపోహ: మినిమలిజం, అంటే తక్కువ వస్తువులతో బతకడం, రెండు కంచాలు, ఖాళీ గోడలు.
వాస్తవం: ఏడాదికి సరిపడా కారం కొట్టించి, ఆవకాయ పెట్టుకునే ఇంట్లో జాడీలు తీసేయమనడం తెలివితక్కువ. ఒక ఆవకాయ కాలం, ఒక దసరా, ఒక సంక్రాంతి దాటినా చేతికి రాని వస్తువు గురించే ఆలోచించండి.

అపోహ: ముందు మంచి డబ్బాలు కొనుక్కోవాలి.
వాస్తవం: బీసెంట్ రోడ్డు బజారు ఎక్కడికీ పోదు. తీసేయాల్సినవి తీసేశాక కొనండి. చాలాసార్లు అవసరమే రాదు.

అపోహ: సర్దుకోవడం అందం కోసం.
వాస్తవం: 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి మా బెజవాడలోని సింగ్‌నగర్, రాజరాజేశ్వరీపేట ఇళ్లలో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అప్పటినుంచి ఏ ఇంటికెళ్లినా నేను మొదట అడిగేది కాగితాల సంగతి. ఇంటి దస్తావేజులు, పిల్లల సర్టిఫికెట్లు, బ్యాంకు పుస్తకాలు ఒకే జిప్ కవర్లో, పై అరలో, ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉండాలి. ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో దొరికే సర్టిఫికెట్లు దించుకోండి, వాటికి చట్టపరంగా అసలు కాగితంతో సమానమైన గుర్తింపు ఉంది. దస్తావేజులు మాత్రం కాగితం రూపంలోనే జాగ్రత్త చేయాలి.

అపోహ: మనకి వద్దనుకున్నది పనమ్మాయికిస్తే పుణ్యం.
వాస్తవం: జిప్పు పోయిన బ్యాగు, పట్టీ తెగిన చెప్పు ఇస్తే మన చెత్త వాళ్లింటికి చేర్చినట్టే. వద్దనలేక తీసుకుంటారు, అంతే.

అపోహ: పాతవన్నీ భోగి మంటలో వేసేయొచ్చు.
వాస్తవం: కట్టె, పిడక సరే. ఫోమ్ పరుపు, టైరు, ప్లాస్టిక్ కుర్చీ వేస్తే వచ్చేది విషపు పొగ. ఇనుము, ఇత్తడి పాత సామాన్ల బండికి తూకానికి వేయండి. ముందు ఏదైనా పాత్రల కొట్లో పాత ఇత్తడి రేటు కనుక్కుంటే బేరంలో మోసపోరు.