పక్క మంచానికీ మాత్ర

వార్డులో ఒకరికి ఫ్లూ అని తేలిందనుకోండి. మందు ఎవరికివ్వాలి? జ్వరంతో మూలుగుతున్న ఆ మనిషికి ఎలాగూ ఇస్తారు. దగ్గూ తుమ్మూ ఏమీ లేని పక్క మంచం పేషెంట్లకు కూడా ఇవ్వాల్సి రావచ్చు. ఎందుకంటే ఫ్లూ సోకినవాళ్లు తమకు నలతగా ఉందని తెలియడానికి ఒకరోజు ముందు నుంచే వైరస్‌ను వదులుతుంటారు. రోగిని వేరే గదికి మార్చేలోపే అది నాలుగు మంచాలు దాటేసి ఉండొచ్చు.

ఆ మాత్ర పేరు ఒసెల్టామివిర్. టామిఫ్లూ అంటే చాలామందికి తెలుస్తుంది. దీని తయారీకి కావలసిన షికిమిక్ ఆమ్లాన్ని చాలాకాలం అనాస పువ్వు నుంచే తీశారు. అవును, మన బిర్యానీలో వేసేదే! (అలాగని బిర్యానీ తింటే ఫ్లూ రాదనుకోకండి.) మన హైదరాబాద్ కంపెనీ హెటెరో కూడా 2005లో టామిఫ్లూ అమ్మే స్విస్ కంపెనీ రోష్ నుంచి లైసెన్సు తీసుకుని ఈ మందు తయారీలోకి దిగింది.

కణంలో పుట్టిన కొత్త వైరస్‌లు బయటికొచ్చినా, కణం పైపొరకే అంటుకుని ఉంటాయి. న్యూరమినిడేస్ అనే ఎంజైమ్ కత్తెరలా ఆ అతుకును తెంపితే తప్ప ముందుకు కదల్లేవు. మందు ఆ కత్తెరను పట్టేస్తుంది. అప్పటికే లక్షల కణాలు వైరస్ పాలైతే ఉపయోగం తగ్గిపోతుంది కాబట్టి, ఎంత ముందుగా ఇస్తే అంత మేలు.

2001లో వచ్చిన ఒక అధ్యయనంలో, వృద్ధుల సంరక్షణ కేంద్రాల్లో రోజుకో 75 మిల్లీగ్రాముల మాత్ర చొప్పున 6 వారాలు ఇచ్చారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.4 శాతానికి ఫ్లూ వస్తే, మందు వేసుకున్నవాళ్లలో 0.4 శాతానికే వచ్చింది. అధ్యయనంలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమంది ఫ్లూ టీకా వేయించుకున్నవాళ్లే. ఆసుపత్రుల్లో ఫ్లూ ప్రబలినప్పుడు కనీసం 2 వారాలు, చివరి కేసు బయటపడ్డాక మరో వారం దాకా ఈ మాత్ర కొనసాగించాలని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ సూచిస్తుంది.

చిక్కంతా డోసు దగ్గరే. నివారణకు రోజుకొకటి, చికిత్సకు రోజుకు రెండు. పైకి బాగానే ఉన్నా అప్పటికే వైరస్ సోకిన మనిషికి సగం డోసు ఇస్తే, మందుకు లొంగని రకాలు బతికి బట్టకట్టే ప్రమాదముంది. రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లలో ఈ భయం మరీ ఎక్కువ. అలా మొండికేసిన వైరస్ ఒకరి నుంచి ఒకరికి పాకడం 2009లో వేల్స్‌లోని కార్డిఫ్‌లో, రక్త వ్యాధుల వార్డులో చూశారు. అందుకే మాత్ర మొదలుపెట్టాక ఒళ్లు వెచ్చబడితే వెంటనే టెస్టు చేసి, పూర్తి డోసుకు మార్చాలి. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు మాత్రం డోసు తగ్గించాలి.

మన ఆసుపత్రుల్లో ఇంకో సంగతుంది. మంచం పక్కనే చాప పరుచుకుని పడుకునే అటెండెంట్ పేరు ఏ కేస్ షీట్‌లోనూ ఉండదు. రాత్రంతా పేషెంట్ పక్కనే ఉండేదీ, ఫ్లాస్కు పట్టుకుని క్యాంటీన్‌కి వెళ్లేదీ, పక్క మంచం పెద్దాయన్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లేదీ ఆ మనిషే. మాత్ర ఎవరెవరికివ్వాలో లిస్టు రాసే నర్సమ్మ ముందు ఆ చాపల దగ్గర ఆగి, ఎవరికైనా జ్వరం, దగ్గు ఉన్నాయా అని అడగాలి.