రేట్‌బీర్ రేటింగులు: రాసింది ఎవరు, అమ్మింది ఎవరు

బీర్లు రుచి చూసి మార్కులు వేసే రేట్‌బీర్ సైటు 2025 ఫిబ్రవరి 1న మూతపడింది. అందులోని సమీక్షలను దాచిపెట్టుకున్నవారు ఆ ప్రతులను పంచుకోవచ్చా, పరిశోధనకు ఇవ్వవచ్చా అన్నది ఇప్పటి తగవు. 2000లో పుట్టిన ఈ సైటు ఎలా ఎదిగిందో పాతవారికి తెలిసిన కథే. తగవుకు బీజం పడింది మాత్రం 2016 అక్టోబరులో.

బడ్వైజర్ తయారుచేసే ఏబీ ఇన్‌బెవ్‌కు చెందిన పెట్టుబడుల విభాగం జెడ్‌ఎక్స్ వెంచర్స్ ఆ నెలలో రేట్‌బీర్‌లో కొంత వాటా కొన్నది. ఈ సంగతి బయటికి పొక్కింది 2017 జూన్‌లో. మధ్యలో గడిచిన ఎనిమిది నెలలూ సభ్యులు ఎప్పటిలాగే గ్లాసును వెలుతురుకు పట్టి, నురుగు ఎంతసేపు నిలిచిందో రాసుకుని, వాసనకు 10, రూపానికి 5, రుచికి 10, నోటికి తగిలే తీరుకు 5, మొత్తం అభిప్రాయానికి 20 చొప్పున 50కి మార్కులు వేస్తూనే ఉన్నారు. తాము మార్కులు వేస్తున్న కంపెనీకే మార్కుల పుస్తకంలో వాటా దక్కిందని వారికి ఎవరూ చెప్పలేదు. సైటు స్వతంత్రంగానే నడుస్తుందని నిర్వాహకులు తర్వాత చెప్పుకున్నారు. 2019లో అది పూర్తిగా ఆ కంపెనీ చేతిలోకి వెళ్లింది. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టన్న మాట ఇక్కడ అతిశయోక్తి కాదు.

విచిత్రమేమంటే, ఈ వ్యవహారాన్ని గట్టిగా తప్పుపట్టిన డాగ్‌ఫిష్ హెడ్ అనే బీరు తయారీ కంపెనీ అధిపతి సామ్ కలజియోన్ కూడా తమ బీర్లపై ఉన్న సమీక్షలన్నిటినీ తీసేయమనే అడిగారు. ఆయన అభ్యంతరం న్యాయమైనదే. కానీ ఆ సమీక్షలు రాసినవారు ఆయన లెక్కలోకీ రాలేదు.

అంతకుముందే మరో ముచ్చట జరిగింది. 2011 నవంబరు వరకు పోగైన సుమారు 29 లక్షల రేట్‌బీర్ సమీక్షలను, అలాంటిదే మరో సైటైన బీర్‌అడ్వొకేట్‌లోని 15 లక్షలకు పైబడిన సమీక్షలను స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అందరికీ అందుబాటులో ఉంచారు. ఒక సమూహంలో భాష ఎలా మారుతుందో, వాసనకు ‘అరోమా’ అని రాసే అలవాటు పోయి ‘స్మెల్’కు బదులు ‘ఎస్’ అన్న పొడి అక్షరం ఎలా పాతుకుందో 2013 నాటి ఒక అధ్యయనం వీటి నుంచే పట్టి చూపింది. తర్వాత సైట్ల కోరికపై ఆ సమాచారాన్ని ఉపసంహరించారు.

వాస్తవాలను పోగుచేయడానికి పడ్డ శ్రమ ఒక్కటే కాపీరైటు ఇవ్వదని అమెరికా సుప్రీంకోర్టు 1991లో టెలిఫోన్ డైరెక్టరీ కేసులో తేల్చింది. అయితే సమీక్షలోని వాక్యాలు డైరెక్టరీలోని నంబర్ల వంటివి కావు; వాటికి రచయితలున్నారు. ప్రతులు పంచకూడదనేవారి వాదనలో బలమైనది ఒక్కటే: ఎవరు ఏ రోజు ఏం తాగారన్నది పేరుతో సహా అందులో ఉంది. పేర్లు చెరిపేసి పంచితే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది, కానీ పదిహేనేళ్లు ఓపికగా రాసిన మనిషి ఆనవాలు కూడా దానితోపాటే చెరిగిపోతుంది.